తాను పెంచిన కుందేటికి మూడే క్యారట్లు

తెలుగునాట గడ్డి తినడం పెద్ద తిట్టు. లంచం మేసినవాడు గడ్డి తిన్నాడంటాం. లెక్క తప్పిన పిల్లాణ్ని అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా అని నిలదీస్తాం. అందుకే కాబోలు, మూడో అంతస్తు ఫ్లాటులోకి కుందేలు దిగిన రోజున దానికి గడ్డి వేయాలన్న ఊహ ఎవరికీ రాదు. ఇంటికొచ్చిన ప్రాణికి గడ్డి పెడతామా, ఎంత అప్రతిష్ఠ! పొద్దున క్యారట్టు, పదింటికి బిస్కెట్టు, మధ్యాహ్నం నాలుగు మెతుకులు పప్పన్నం, సాయంత్రం మళ్ళీ క్యారట్టు. రాత్రికి, పాపం చిక్కిపోయిందని, అరటిపండు.

ఇదేమిటని అడిగితే ఇంటాయన దగ్గర జవాబు సిద్ధం. "కుందేళ్ళు తినేది క్యారట్లే కదండీ, ఏ బొమ్మలో చూసినా!"

బొమ్మలో ఉన్నమాట నిజమే. 1940లో తెరకెక్కిన బగ్స్ బన్నీ చేతిలో క్యారట్టు ఉంది. అదెందుకు ఉందంటే, అంతకు ఆరేళ్ళ ముందు 'ఇట్ హాపెండ్ వన్ నైట్' సినిమాలో క్లార్క్ గేబుల్ క్యారట్టు కొరుకుతూ కబుర్లు చెప్పే సీను ఒకటుంది, దానికి పేరడీ. హాలీవుడ్ హీరోను ఆటపట్టించడానికి కార్టూను కుందేలు చేతికిచ్చిన దుంప హైదరాబాదు ఫ్లాటుల్లో పశుపోషణ శాస్త్రమై కూచుంది. ఆ సీనులో గేబుల్ గారు చుట్ట కాల్చి ఉంటే మనవాళ్ళు కుందేటికి ఏం పెట్టేవారో!

కుందేటికి 28 పళ్ళు. అన్నీ బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. ముందుపళ్ళయితే వారానికి దాదాపు 2 మిల్లీమీటర్లు. వాటికి ఆకురాయి ఎండుగడ్డే. గడ్డిపరక నలగాలంటే దవడ అటూ ఇటూ గంటల తరబడి ఆడాలి. బిస్కెట్టుకు ఆ శ్రమ అక్కర్లేదు, నోట్లోనే కరుగుతుంది. అరగని దవడపళ్ళు మొనదేలి నాలుకనూ బుగ్గనూ కోస్తాయి. ఇక కడుపు సంగతి. పీచు వెనకనుంచి నెడుతుంటేనే ఆ పేగు కదులుతుంది. తీపీ పిండీ ఎక్కువైతే అది మందగించి గ్యాసు పడుతుంది. పైగా వాంతి చేసుకునే వీలు కుందేటికి పుట్టుకతోనే లేదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా మేత ముట్టలేదు, పెంటికలు వేయలేదు అంటే రేపు చూద్దాంలే అనే వ్యవహారం కాదు, ఆ పూటే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఈలోగా ఆ ఇంట్లో ఒక వినోదం నడుస్తోంది. కుందేలు తలుపు వెనక్కి దూరి కొండచీపురు కొరుకుతుంది. ఒక్కో పుల్లనూ కొసనుంచి అందుకుని, మీసాలు అదురుతుండగా, టకటక లోపలికి లాక్కుంటుంది. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వి వీడియో తీసి చుట్టాలందరికీ పంపారు. "ఎంత అల్లరిదో!" కొండచీపురు కూడా గడ్డిజాతేనని, ఆ ప్రాణి తన భోజనం తానే వెతుక్కుంటోందని ఒక్కరికీ తట్టలేదు.

దుకాణాల్లో అమ్మే రంగురంగుల మిక్చర్ మరో ముచ్చట. గింజలు, అటుకుల్లాంటివి, ఎరుపూ ఆకుపచ్చా బిళ్ళలు, పెళ్ళిలో పంచే పొట్లంలా ఉంటుంది. కుందేలు రుచైనవి ఏరుకుని మిగతావి వదిలేస్తుంది. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం వాళ్ళు 32 కుందేళ్ళను నాలుగు జట్లు చేసి 17 నెలలు రకరకాల మేతలతో పెంచి చూశారు. మిక్చర్ తిన్నవాటికి పంటి తేడాలు, ఊబకాయం వచ్చాయి.

చివరికి డాక్టరు గడ్డి పెట్టమన్నాడు. ఇంటాయనకు జ్ఞానోదయమైంది, కాకపోతే కాస్త ఎక్కువగా. ఊరినుంచి బావమరిది చేత ఒక మోపు వరిగడ్డి తెప్పించాడు. గింజ రాల్చుకున్నాక మిగిలే ఆ గడ్డిలో పీచుందిగానీ సారం లేదు. కుందేటికి అది పరుపుగా పనికొస్తుంది, పూటకూడుగా కాదు. తర్వాత లూసర్న్ మేత తెచ్చాడు. అది ఆరేడు నెలల లోపు పిల్లలకు బలమే. పెద్దదానికి రోజూ పెడితే అందులోని కాల్షియం మూత్రంలో సున్నంలా దిగి రాళ్ళు కట్టే ప్రమాదముంది. ఆఖరికి విదేశీ తిమోతి గడ్డి వచ్చింది, కిలో ధర సన్నబియ్యానికి కొన్ని రెట్లు. యూరపులో పుట్టి, అమెరికాలో తిమోతి హాన్సన్ అనే రైతు పేరు తగిలించుకుందంటారు ఆ గడ్డి. మేతగా దానికి వంక పెట్టలేం. కానీ ఇంత ఖరీదైనది పాడైపోదూ అని ఇంటాయన దాన్ని ఆవకాయ జాడీ మూసినట్టు ప్లాస్టిక్ డబ్బాలో బిగించి పెట్టాడు. శ్రావణమాసపు ముసురులో డబ్బాలోపల చెమ్మ పట్టి, పదిరోజుల్లో తెల్లబూజు లేచింది. గడ్డికి గాలాడాలి. గోనెసంచీయో అట్టపెట్టెయో చాలు, నేలకూ గోడకూ తగలకుండా ఎత్తున ఉంటే సరి. దూడలు కాసిన తాతను అడిగినా చెప్పేవాడు. ఎవరూ అడగలేదు.

ఆ తాతే ఇంకోటి కూడా చెప్పేవాడు. మంచి గడ్డిని కళ్ళు మూసుకుని పట్టుకోవచ్చు: కాడ విరిస్తే పుటుక్కుమనాలి, అరచేతిలో నలిపితే దుమ్ము రేగకూడదు, ముక్కు దగ్గర ముక్కవాసన కాక పచ్చివాసన రావాలి. ఆ నాణ్యం గరికకూ ఉంది. అమెరికాలో దాన్నే బెర్ముడా గడ్డి అని ఎండబెట్టి గుర్రాలకూ కుందేళ్ళకూ అమ్ముతారు. కంకి వేయకముందే కోసి, నీడన ఆరబెట్టి, రోజుకు కుందేలంత కుప్ప వేస్తే చాలు. అదీ కుందేలు దొడ్డికి కూచునే పెట్టె పక్కనే, ఎందుకంటే అది ఆ రెండు పనులూ ఒకేసారి చేస్తుంది. మేత మార్చేటప్పుడు మాత్రం వారం పదిరోజులు పట్టాలి. రోడ్డు పక్క గరిక వద్దు, అక్కడ కలుపుమందూ కుక్కలూ మనకంటే ముందు వెళ్ళి ఉంటాయి.

వినాయక చవితినాడు ఆ ఇంటికి పత్రి వచ్చింది. కట్ట విప్పుతుండగానే కుందేలు నానమ్మ ఒళ్ళోకి ఎక్కింది. "ఆగవే, దేవుడికి పెట్టకముందే!" అంటూనే ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఏరడం మొదలెట్టింది. ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు విషపాకులు, వాటిని పళ్ళెంలో దేవుడివైపు జరిపింది. పూజకు కావలసినంత తీసి, మిగిలిన గరికను కడిగి, తుడిచి, తన చీరకొంగు పక్కన పెట్టింది. వంటింట్లో రెండు కిలోల క్యారట్లు తురిమి హల్వా చేస్తున్నారు. ఇంటాయన గిన్నె పట్టుకుని నిలబడ్డాడు.