ఎక్స్‌రే వద్దు, అడ్వాన్స్ చాలు

మానుకోట మిర్చి మార్కెట్లో బస్తాలో చెయ్యి పెట్టి, కాయ విరిచి చూడందే ఏ ఖరీదుదారూ ధర పలకడు. అంత తెలివైన గడ్డ మీద కూడా, నోరు తెరిచి చూడకుండానే ‘ఆరు నెలల్లో ఎత్తుపండ్లు మాయం’ అనే రీల్‌కు అడ్వాన్స్ పడిపోతోంది.

జనాన్ని తిట్టి లాభం లేదు. క్లిప్పులు వేయించుకుంటే దాదాపు నెలనెలా డాక్టర్ దగ్గరికి తిరగాలి. జనగామకు రైలైనా ఉంది. భూపాలపల్లి వాళ్లకు హనుమకొండ బస్సే దిక్కు. రీల్‌కు టికెట్ లేదు, సెలవు చీటీ అక్కర్లేదు.

పైగా అందులో సగం నిజమే. చిగుళ్లు, దవడ ఎముక బాగుంటే నలభై ఏళ్లకూ పండ్లు జరుగుతాయి. రీల్ మింగేసేది మిగతా సగం. పన్ను జరగాలంటే ఒకవైపు ఎముక కరగాలి, రెండోవైపు కొత్తది పుట్టాలి. పాపం, ఎముక ఇన్‌స్టాగ్రామ్ చూడదు. చాలామందికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. ఆ తర్వాత పండ్లను కదలకుండా పట్టి ఉంచే రిటెయినర్ పెట్టుకోకపోతే పండ్లు పాత చోటికే బయల్దేరతాయి. ఆ మాట వచ్చే వేళకు వీడియో అయిపోతుంది.

అన్నిటికన్నా చవక వైద్యం రబ్బరు బ్యాండుది. ముందుపండ్లకు చుట్టేస్తే సందు మూసుకుంటుందట. మూసుకుంటుంది కూడా. బ్యాండు చిగురు కిందికి జారి, వేరు చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది. అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం దీన్ని చెయ్యొద్దని ఎన్నడో హెచ్చరించింది. ఒక సందు మూయిస్తే, పన్ను ఊడిన సందు ఉచితం!

పండ్లను జరిపే తొడుగులు, అంటే అలైనర్లు, ఇంటికే పంపిస్తామన్న అమెరికా కంపెనీ స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబర్‌లో మూతబడింది. సగం జరిగిన పండ్లతో వేలమంది మిగిలారు. కస్టమర్ కేర్ ఉండదన్నారు, వాయిదాలు మాత్రం కడుతూనే ఉండాలన్నారు. వైద్యం ఆగినా వసూలు ఆగకపోవడం మనకూ కొత్తేమీ కాదు లెండి.

ఆరోగ్య సమాచారం నాణ్యత తూచడానికి ఇంగ్లండ్‌లో 1990ల్లోనే ‘డిస్కర్న్’ అని 16 ప్రశ్నలు తయారు చేశారు. ఈ మాట ఎక్కడిది, నష్టాలేమిటి, వైద్యం చేయించుకోకపోతే ఏమవుతుంది వంటివి అందులో ఉన్నాయి. మన రీళ్లు జవాబిచ్చేది వాటిలో లేని పదిహేడో ప్రశ్నకు: ఈఎంఐ ఎంత?

అడ్వాన్స్ కొట్టేముందు మీరూ నాలుగు అడగండి. చూసేది ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చదివిన డాక్టరేనా? దవడ ఎక్స్‌రే ఎప్పుడు తీస్తారు? రిటెయినర్ ఖర్చు ఇందులోనేనా? మధ్యలో తీగ ఊడితే ఏ ఊరికి రావాలి? జవాబుగా డిస్కౌంట్ కూపన్ వస్తే ఫోన్ పక్కన పెట్టి హనుమకొండ బస్సెక్కండి.