చుక్క నాలో లేదు

నేనొక స్లైడ్ రూలుని. నా ఒంటి నిండా అంకెలు, వెంట్రుకంత సన్నని గీతలు. జపాన్‌లో పుట్టానని చెప్పే చిన్న అక్షరాలు కూడా ఒక అంచున ఉన్నాయి. దశాంశ బిందువు మాత్రం నాలో ఎక్కడా లేదు. దాన్ని పెట్టే మనిషి ఒకరుండేవారు. నా కథలో చెప్పుకోదగిందంతా ఆయన కథే.

1955లో కాకినాడలో ఓ పుస్తకాల దుకాణంవాడు నన్ను అద్దాల బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఎదురుగా పదిహేడేళ్ల కుర్రాడు, ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చిన సంబరంలో ఉన్నాడు. పక్కన పంచె, కండువాతో వాళ్ల నాన్నగారు. నా ధర విని ఆయన ముఖం చిట్లించారు.

"స్కేలుకింత ఖరీదేమిట్రా?"

"స్కేలు కాదు నాన్నా. ఇది లెక్కలు చేస్తుంది."

"లెక్కలు అది చేస్తే మరి నువ్వేం చేస్తావు?"

కుర్రాడు నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. నాన్నగారు నవ్వి, రొంటిన దోపుకున్న డబ్బు తీసి లెక్కపెట్టారు. ఆ ఏడు అమ్మిన వడ్లలో రెండు బస్తాల సొమ్ము అలా నాకిందకు పోయింది. ఆయన అడిగిన ప్రశ్నకు మా అబ్బాయి జీవితమంతా జవాబు చెబుతూనే ఉన్నాడు. నేను చూశాను.

నా పుట్టుక గురించి రెండు ముక్కలు చాలు. హెమ్మి జిరో అనే జపాన్ వారు 1912లో వెదురు స్లైడ్ రూలుకు పేటెంటు తీసుకున్నారు. వెదురు బద్దలు అతికి, పైన తెల్లని సెల్యులాయిడ్ తొడిగి నన్ను చేశారు. కట్టె స్లైడ్ రూళ్లు వానాకాలం ఉబ్బి బిగుసుకుపోతాయి. నేను కాకినాడ ఉప్పుగాలికీ, పంజాబ్ ఎండకీ ఒకేలా జారాను. ఇది గొప్పకు చెప్పడం లేదు, వెదురు గుణం అది.

నేను లెక్క చేసే తీరు మాత్రం కాస్త ఆగి చెప్పాలి. 1614లో నేపియర్ సంవర్గమానాలను లోకానికి చెప్పాడు, ఆ పదేళ్లకు అటూ ఇటూగా ఓట్రెడ్ వాటిని పట్టీల మీదికి దించాడు. నాకు ఇప్పటి రూపు ఇచ్చి, మీద జరిగే కర్సర్‌ను కుదిర్చిన మాన్‌హైమ్ ఫ్రెంచి ఫిరంగి దళంలో అధికారి. అంటే నా వంశంలోనే సైనికుడున్నాడు. నా పొడవు 25 సెంటీమీటర్లు. 1 నుంచి 2 దాకా 7.5 సెంటీమీటర్లు. 1 నుంచి 3 దాకా 12కు వెంట్రుకవాసి తక్కువ. ఆ రెండు పొడవులనూ ఒకదాని చివర ఒకటి చేరిస్తే 19.5 దగ్గర తేలుతుంది, అక్కడ 6 రాసి ఉంటుంది. పొడవులు కూడితే అంకెలు గుణించుకుంటాయి. నా విద్య అంతా అదే.

కానీ నా మీద 2 అంటే రెండు కావచ్చు, ఇరవై కావచ్చు, రెండు వేలు కావచ్చు, సున్నా పాయింటు సున్నా రెండూ కావచ్చు. నేను అంకెలు మాత్రమే చూపిస్తాను. చుక్క ఎక్కడో తెలియాలంటే, లెక్క మొదలుపెట్టక ముందే జవాబు ఎంతలో ఉంటుందో మనిషికి తెలియాలి. మా అబ్బాయి ఆ అలవాటు కాలేజీ మొదటి ఏడాదిలోనే పట్టుకున్నాడు. కర్సర్ మీద వేలు వేసేముందు కళ్లు మూసుకుని "వందల్లో" అనో "వేలల్లో" అనో గొణిగేవాడు. తర్వాతే నన్ను కదిపేవాడు.

1959లో డిగ్రీ చేతికొచ్చింది. వైమానిక దళం సాంకేతిక శాఖలో చేరి బెంగళూరు జాలహళ్లిలో శిక్షణకు వెళ్లాడు. అక్కడి నుంచి నేను 'ఆయన' అనే అంటాను, భుజం మీద పట్టీలు వచ్చాయి కదా. నన్ను తోలు ఒరలో పెట్టి నడుముకు తగిలించుకునేవారు. తోటి అధికారుల్లో విమానం ఎక్కేవాళ్లకు పిస్తోలు ఉండేది, ఆయనకు నేనుండేవాణ్ణి.

1965 సెప్టెంబర్‌లో మేం లూధియానా దగ్గర హల్వారాలో ఉన్నాం. హంటర్ విమానాల స్థావరం అది. 6వ తేదీ సాయంత్రం, వెలుతురు ఇంకా పూర్తిగా పోకముందే, పాకిస్తాన్ సాబర్ విమానాలు మా మీదికి వచ్చాయి. నెత్తిమీదే పోరు జరిగింది. అటూ ఇటూ విమానాలు కూలాయి. ఆ రాత్రి హల్వారా, ఆదంపూర్, పఠాన్‌కోట్ స్థావరాల చుట్టూ శత్రువు పారాచూట్ సైనికులను దించాడు. చీకట్లో ఎక్కడ ఆకు కదిలినా తుపాకులు అటు తిరిగేవి.

ఆ చీకట్లోనే మా పని. దీపం వెలిగించకూడదు. టార్చి అద్దానికి నల్ల కాగితం అంటించి, సూది బెజ్జమంత వెలుతురు వదిలేవారు. హంటర్ ముక్కు కింద నాలుగు ఏడెన్ తుపాకులు తూటాలతో సహా ఒకే పెట్టెలా అమరి ఉంటాయి. ఖాళీ పెట్టె దించి నిండు పెట్టె ఎక్కిస్తే నిమిషాల్లో విమానం మళ్లీ పోరుకు సిద్ధం. పెట్టె ఎక్కించేది ఎయిర్‌మెన్, వాళ్ల చేతుల వడుపు చూసితీరాలి. ఆయన పని బరువులు చూడటం. ఇంధనం బండివాడు గాలన్లలో చెబుతాడు, విమానానికి పౌన్లలో కావాలి. నీళ్లు గాలనుకు 10 పౌన్లయితే కిరోసిన్ సుమారు 8. పగలంతా ఎండకు కాగిన ఇంధనం ఆ ఎనిమిదికి కూడా తూగదు, కాస్త తేలికవుతుంది. ఆ కాస్త కూడా ఆయన వదిలేవారు కాదు. 300 గాలన్లకు నా మీద 2-4 వస్తుంది. ఎయిర్‌మెన్‌తో హిందీలో మాట్లాడినా, చుక్క పెట్టేటప్పుడు గొణుగుడు మాత్రం తెలుగే. "వేలల్లో... రెండు వేల నాలుగు వందలు."

ఆ మూడు వారాలు ఆయన నన్ను ఒరలో పెట్టలేదు. చెమటకు నా అంచున సెల్యులాయిడ్ మీద బొటనవేలి మచ్చ పడింది. ఇప్పటికీ ఉంది. నా ఒంటి మీద నాకు అన్నిటికంటే ఇష్టమైన గుర్తు అది. పొద్దున వెళ్లిన విమానం సాయంత్రానికి తిరిగి రాకపోతే, తను చూసిన లెక్క కాగితం మళ్లీ తీసి మొదటి నుంచీ చేసేవారు. లెక్కలో తప్పు లేదని తేలాక కూడా ఆయనకు అన్నం సయించేది కాదు.

1971 యుద్ధం ఆయన్ను మళ్లీ విమానాల మధ్యకే తీసుకెళ్లింది. ఆ తర్వాత హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని క్షిపణి పరిశోధనశాల డీఆర్‌డీఎల్‌కు పంపారు. అక్కడ 1972లో మొదలైన డెవిల్ ప్రాజెక్టు నడుస్తోంది. సోవియట్ క్షిపణిని ముక్కముక్కలుగా విప్పి, ప్రతి ముక్కనూ కొలిచి, మనమే చేసుకోవాలన్న పట్టుదల అది. ఆ పేరుతో క్షిపణి బయటికి రాలేదు. ద్రవ ఇంధన ఇంజన్ మీద అప్పుడు నేర్చుకున్నది తర్వాత పృథ్వికి అక్కరకొచ్చింది. ఎగరని క్షిపణికి పనిచేసిన వాళ్ల పేర్లు ఎవరికి గుర్తుంటాయి? వాళ్ల జేబుల్లోని స్లైడ్ రూళ్ల సంగతి ఇక అడగనే అక్కర్లేదు.

అదే 1972లో అమెరికాలో హెచ్‌పీ-35 అనే జేబు కాలిక్యులేటర్ వచ్చింది. మా దగ్గరికి అలాంటిది రావడానికి ఇంకో అయిదారేళ్లు పట్టింది. విదేశం నుంచి వచ్చిన చుట్టమెవరో ఆయనకొకటి తెచ్చిచ్చారు. మీట నొక్కితే ఎర్రటి అంకెలు, ఎనిమిది అంకెలు, మధ్యలో చుక్క. దాని చుక్క దానికే తెలుసు.

ఆ రాత్రి ఆయన నన్ను మెత్తటి గుడ్డతో తుడిచారు. జారుడు పట్టీకి కాస్త పౌడరు రాశారు. ఒరలో పెట్టి బల్ల సొరుగులో ఉంచారు. ఎంత ప్రేమగా చేశారంటే, మర్నాడు తీస్తారనే అనుకున్నాను.

సొరుగులో కాలం వేరు. పైన కాగితాల చప్పుడు వినిపిస్తుంది, చేయి మాత్రం రాదు. 1982లో కలాంగారు డైరెక్టరుగా వచ్చారని, మరుసటి ఏడు అయిదు క్షిపణుల కార్యక్రమం మొదలైందని అన్నీ సొరుగులోంచే విన్నాను. 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి పృథ్వి మొదటిసారి లేచింది. ఆయన అక్కడే ఉన్నారు, నేను లేను.

తిరిగొచ్చిన రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక సొరుగు తెరుచుకుంది. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నన్ను తీసి, కర్సర్ జరిపి, 1-2-1 మీద నిలిపి చాలాసేపు చూశారు. "వేలల్లో" అన్నారు మెల్లగా. మళ్లీ ఒరలో పెట్టేశారు. పదేళ్లలో ఆ ఒక్క రాత్రే.

రిటైరయ్యాక సికింద్రాబాద్ సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నారు. చుట్టూ అందరూ ఆయనలాంటి వాళ్లే. పొద్దున్నే నడక, ఇరుగుపొరుగు మోటార్లకు మరమ్మతు, నెలకోసారి మిలిటరీ క్యాంటీను. నవంబర్ వచ్చిందంటే బ్యాంకుకు వెళ్లి, బతికే ఉన్నానని సంతకం పెట్టి రావడం. స్కూటరులో పోసిన ప్రతి లీటరూ ఒక పుస్తకంలో రాసేవారు. జనవరి 26న టీవీ ముందు నిలబడి చూసేవారు, కూర్చునేవారు కాదు.

ఒక సాయంత్రం పక్కింటి కుర్రాడు నన్ను చూసి ముచ్చటపడ్డాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆయన వాడికో లెక్క ఇచ్చారు: గాలి అడ్డు లేదనుకుని, 45 డిగ్రీల వాలున విసిరిన వస్తువు 150 కిలోమీటర్లు వెళ్లాలంటే ఎంత వేగం కావాలి? మీటర్లలో దూరాన్ని 9.8తో గుణించి వర్గమూలం తీయాలి. వర్గమూలం కోసం నా పై గీటు మీద రెండు సగాలున్నాయి. కుర్రాడు కుడి సగంలో పెట్టి 3-8-3 చదివాడు.

"సెకనుకు 3,830 మీటర్లు, అంకుల్."

"అంత వేగముంటే 150 ఎందుకు ఆగుతుంది బాబూ, 1,500 కిలోమీటర్లు పోతుంది. ఎడమ సగంలో చూడు."

ఎడమ సగంలో 1-2-1 ఉంది. సెకనుకు సుమారు 1,210 మీటర్లు. పృథ్వి లేచిన రాత్రి ఆయన ఒంటరిగా చూసుకున్న అంకె అదేనని నాకప్పుడు అర్థమైంది. ఏ సగంలో చూడాలో కూడా నేను చెప్పలేను, చుక్క ఎక్కడుందో ముందే తెలిసినవాడే చెప్పాలి. ఆ కుర్రాడు ఆ తర్వాత చాలా సాయంత్రాలు వచ్చాడు. అవి నాకు మళ్లీ పచ్చగా గడిచిన రోజులు.

కుర్రాడికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. సెలవులకు వచ్చిన మనవడు నన్ను కత్తి చేసుకుని ఆడి, కర్సర్ అద్దం పగలగొట్టాడు. పసివాడు, వాణ్ణి ఏమనను? పెద్దవాళ్లు చేసిందే మనసులో నిలిచిపోయింది. సామాన్ల గదిలో కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోందని నన్ను సందులో ఇరికించారు. ఒర ఏమైందో తెలియదు. రెండు వానాకాలాలు అక్కడే ఉన్నాను. జల్లు పడ్డప్పుడల్లా ఒక పక్కే తడిసేది. సెల్యులాయిడ్ పసుపెక్కి చివర్న లేచిపోయింది. వెండిరంగు పురుగులు జిగురు తిన్నాయి. ఆ గదిలోకి వచ్చినవాళ్లు చీపురు తీసుకున్నారు, ఖాళీ డబ్బాలు తీసుకున్నారు, నా వైపు చూసినవాళ్లు లేరు. హల్వారాలో విమానాల బరువు చూసిన నేను ఒక కిటికీ రెక్క బరువు మోస్తూ నిలబడ్డాను.

ఆయన కూడా అప్పటికి పక్క గదిలో ఎక్కువగా పడుకునే ఉండేవారు. భార్య పోయిన తర్వాత మాటలు తగ్గాయి. మందుల చీటీ చదువుతూ మధ్యలో ఆగిపోయేవారు. కూతురు పేరుతో మనవరాలిని పిలిచేవారు.

ఒకరోజు గోడ పట్టుకుంటూ సామాన్ల గదిలోకి వచ్చారు. ఏం వెతుకుతూ వచ్చారో ఆయనకే గుర్తులేనట్టుంది. కిటికీ దగ్గర ఆగి, నన్ను లాగి, లుంగీ అంచుతో తుడిచారు. బొటనవేలు సరిగ్గా పాత మచ్చ మీద పడింది. జారుడు పట్టీ బిగుసుకుంది, కాస్త బలంగా నెట్టారు. ఒక చోట ఆపారు. కళ్లు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. వందల్లో అంటారో వేలల్లో అంటారోనని ఎదురుచూశాను. మాట బయటికి రాలేదు. నన్ను కిటికీ గట్టు మీద పడుకోబెట్టి వెళ్లిపోయారు.

ఆయన వెళ్లిపోయిన ఏడాది ఇల్లు అపార్టుమెంటు కట్టేవాళ్లకు ఇచ్చారు. పతకాలు పిల్లలు తీసుకున్నారు, అది న్యాయమే. పాత పత్రికలతో పాటు నేను పాతసామాన్ల బండెక్కాను. తూకంలో నా వంతు ఎంతో ఎవరూ చూడలేదు.

ఇప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల సంతలో, పేవ్‌మెంటు మీద గోనెపట్టా మీద ఉన్నాను. ఒక పక్క పాత నిఘంటువు, ఇంకో పక్క అట్ట ఊడిన భౌతికశాస్త్రం పుస్తకం. ఇందాక ఒకాయన నన్ను తీసి అటూ ఇటూ తిప్పాడు.

"ఇది స్కేలా అన్నా?"

"జపాన్ స్కేలు సార్. ఇరవై ఇవ్వండి."

పట్టీ జరపబోయాడు. బిగుసుకుంది, రాలేదు. ఆయన చివరిసారి నెట్టిన చోటే ఉండిపోయింది. పగిలిన అద్దం కింద గీత ఇంకా 1-8-5 మీదే నిలిచి ఉంది. పద్దెనిమిదిన్నరో, నూట ఎనభై అయిదో, పద్దెనిమిది వందల యాభయ్యో.