నా పక్క చీటీ

నేనొక కాగితపు చీటీని. పొడవు ఆరంగుళాలు, వెడల్పు నాలుగు. పైన ఎడమ మూల ఒకే మాట: సెట్. దాని కింద పాత పుస్తకంలోంచి ఎత్తిరాసిన వాక్యం. విరిగిన చేతికి వైద్యుడు ఎముక సరిచేశాడని. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు కోసం జీతం లేకుండా పుస్తకాలు చదివిన వాళ్లలో ఒకరు నన్ను రాసి పంపారు. నాలాంటి చీటీలు 50 లక్షలకు పైనే.

పురికొస కట్టలో ఏళ్లు గడిచాయి. సెట్ అంటే ఎముక సరిచేయడమనే నా నమ్మకం.

ఎస్ అక్షరం మొదటి భాగం నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ వాటాకు వచ్చింది. మా కట్ట విప్పి బల్లమీద పరిచినప్పుడు చుట్టూ చూశాను. ఒక చీటీలో పొద్దు వాలుతోంది. ఒకదాంట్లో ఉంగరానికి రాయి పొదుగుతున్నారు, ఇంకోదాంట్లో వేటగాడు ఉచ్చు పన్నుతున్నాడు. మరోచోట పాకం గడ్డకడుతోంది. తెలుగులో పనికొక క్రియ. ఇంగ్లీషులో అన్నిటికీ ఆ మూడక్షరాలే! ఆ క్రియకు తొలి అర్థం కూర్చోబెట్టడం. ఎముక తన చోట కూర్చోవాలి, రాయి తన గూట్లో కూర్చోవాలి. ఈమధ్య మీరు సంబంధం ‘సెట్’ అయిందంటారే, అక్కడా అంతే. టీ సెట్‌లోని సెట్ పుట్టుక మాత్రం వేరు. అది లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచి మీదుగా వచ్చి, పేరు కలవడంతో ఈ ఇంట్లో చేరిపోయింది.

నన్ను ఒక కుప్పలోంచి ఇంకో కుప్పలోకి ఎన్నిసార్లు మార్చారో! పక్కన ఎవరుంటే వాళ్లను బట్టి నా అర్థం కాస్త జరిగేది. చివరికి ఆ క్రియ ఒక్కదానికే 18 పేజీలు దాటాయి, 154 విభాగాలయ్యాయి. ఆఖరిది ‘సెట్ అప్’. దాని ఉపవిభాగాలకు ఏ నుంచి జెడ్ దాకా అక్షరాలన్నీ అయిపోతే, జంట అక్షరాలతో మళ్లీ మొదలుపెట్టి ఆర్ఆర్ దాకా వెళ్లారు. అక్షరమాల చాలని మాటను మోశానని నాకు ఇప్పటికీ గర్వమే.

అచ్చుకు మమ్మల్నే పంపారు. కంపోజిటరు నన్ను ఎదురుగా పెట్టుకుని సీసపు అక్షరాలు ఒక్కొక్కటే కూర్చాడు. ఆ పనినీ ఇంగ్లీషులో సెట్ అనే అంటారు.

1928లో నిఘంటువు పూర్తయ్యేనాటికి అచ్చెక్కిన ఉదాహరణలు 18 లక్షల పైచిలుకు. అంటే మాలో ఎక్కువమందికి ఆ భాగ్యం లేదు. నా పక్కనున్న, రాయి పొదిగిన చీటీకి కూడా. అది లేకపోతే నా అర్థం ఎక్కడ ఆగుతుందో తేలేదే కాదు. పని అయ్యాక మా ఇద్దరినీ మళ్లీ ఒకే పురికొసతో కట్టారు.