కులం లేదండి, పేరు మాత్రం వద్దండి

మా కోనసీమలో కులం పట్టింపుల్లేవండి. ఎవర్నడిగినా "ఆయ్, అలాంటివేం లేవండి" అంటారు. మీ ఇంటిపేరేంటి, ఊళ్లో ఏ పేట, మేనమామగారిది ఏ ఊరు, అన్నీ కనుక్కున్నాకే అంటారనుకోండి.

అలాంటి కోనసీమ జిల్లా పేరుకి 2022 మే 18న ప్రభుత్వం అంబేడ్కర్ పేరు చేరుస్తానంది. 24న అమలాపురంలో దళిత మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు, బస్సులు తగలబెట్టారు. అబ్బే, కులం కాదట, కోనసీమ అన్న పేరు మీద మమకారమట! కొత్త పేరులోనూ కోనసీమ చెక్కుచెదరలేదు మరి. దాని ముందొచ్చి కూర్చున్న పెద్దాయనతోనే పేచీ. ఆ గొడవకి ఇంటర్నెట్ ఆపేస్తే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు చంకనెట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్టెక్కారు.

వీసా రాగానే మనవాళ్లు అమెరికా పోతారు. అక్కడా కులం లేదండి! 2023లో కాలిఫోర్నియా శాసనసభ కులవివక్షను పేరుపెట్టి నిషేధించబోతే, లేని కులానికి చట్టమేంటి, మాకు మచ్చ తెస్తారా అని మన దేశస్థుల సంఘాలు కొన్ని గగ్గోలు పెట్టాయి. గవర్నర్ న్యూసమ్ బిల్లు ఆపేశాడు. కులవివక్ష ఇప్పటికే నిషిద్ధం, మళ్లీ చట్టం అక్కర్లేదన్నాడు. పండగ చేసుకున్నవాళ్లు ఆ కారణం దాకా చదవలేదు కాబోలు.

చట్టంలో పేరు లేకపోయినా రక్షణ ఎలా దొరుకుతుందో అక్కడి యూదు విద్యార్థుల సంగతి చూడండి. 1964 పౌరహక్కుల చట్టం ఆరో అధ్యాయంలో మతం మాటే లేదు. అయినా ఒకే వంశమూలమున్న వాళ్లను వేధిస్తే కుదరదని 2004లో విద్యాశాఖ యూదులకీ సిక్కులకీ ముస్లింలకీ దాన్ని వర్తింపజేసింది. న్యాయమే. 2023 డిసెంబరు 5న, యూదుల్ని ఊచకోత కోయాలని పిలుపిస్తే మీ నిబంధనల్లో తప్పేనా అని అమెరికా కాంగ్రెస్ అడిగితే, సందర్భాన్ని బట్టి ఉంటుందన్న పెన్సిల్వేనియా యూనివర్సిటీ అధ్యక్షురాలికి నాలుగు రోజుల్లో పదవి పోయింది.

మన దగ్గర సందర్భంతో పన్లేదు, సర్టిఫికెట్ చాలు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో విద్యార్థి రోహిత్ వేముల ఉరేసుకుంటే, కులం లేని ఈ దేశం ఏళ్ల తరబడి విచారించింది ఆ పిల్లాడిది ఏ కులమని!

పిల్లల్ని అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీకి పంపాలనుకునే అమలాపురం పెద్దలకో మనవి. అంబేడ్కర్ 1913 నుంచి 1916 దాకా చదివింది అక్కడే, కులాల పుట్టుక మీద వ్యాసం చదివిందీ అక్కడే. సీటొచ్చినా వదులుకోండి, మన పట్టుదలేంటో తెలుస్తుంది.