ఉప్పు లెక్క

మొగల్తూరు అవతల ఒక ఊరి మాజీ ప్రెసిడెంటుగారికి తెల్లకారు ఉంది. కొని అయిదేళ్ళు కాలేదు. సంక్రాంతికి కారు కడుగుతూ డ్రైవరు కుర్రాడు తలుపు కింది అంచు గట్టిగా రుద్దాడు. వాడి బొటనవేలు రేకులోకి దిగిపోయింది.

నిలబడి చూస్తే పెయింటు మెరుస్తూనే ఉంది. వంగి చూస్తే నాలుగు తలుపుల అడుగునా పొక్కులు. గోటితో గీకితే ఎర్రటి పొడి రాలింది. చక్రాల వెనక రేకు తడిసిన అట్టలా పొరలు పొరలుగా లేచింది.

ప్రెసిడెంటుగారు కారుని నరసాపురంలో టింకరింగ్ షెడ్డుకి తీసుకెళ్ళారు. మేస్త్రి గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాడు. సుత్తి పిడితో తట్టుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చాడు. కొన్నిచోట్ల ఖణ్ మంది. చాలాచోట్ల దబ్ మంది.

"ఇది పైనుంచి వచ్చిన తుప్పు కాదండి. లోపల్నుంచి తినేసింది" అన్నాడు.

తలుపుల కింద పొడుగ్గా ఉండే బోర్డు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది గాని లోపల బోలు. చేరిన నీళ్ళు కారిపోడానికి అడుగున కన్నాలుంటాయి. వాటిని బురద మూసేస్తే నీళ్ళు లోపలే నిలుస్తాయి. మంచినీళ్ళయితే రేకు కొన్నేళ్ళు కాసుకుంటుంది. కంపెనీవాళ్ళు జింకు పూత వేసేది అందుకే. ముందు జింకు పోతుంది, ఆ తరవాతే ఇనుము వంతు. ఉప్పునీళ్ళయితే ఆ వంతు తొందరగా వస్తుంది.

"రాజమండ్రిలో పాత రైలు వంతెన చూడండి. 1900 కాలం నాటిది. 1997 దాకా రైళ్ళు మోసింది. ఇంకా నిలబడే ఉంది. కింద తీపి నీళ్ళు కాబట్టి సరిపోయింది" అన్నాడు మేస్త్రి. వంతెనకి రైల్వేవాళ్ళు వేళకి రంగు వేయించేవారన్న సంగతి అతని వాదనకి అడ్డురాలేదు.

అడుగు రేకులు కోసి కొత్తవి అతికి, లప్పం పెట్టి, ప్రైమరు కొట్టి, రంగు వెయ్యాలి. అరవై వేలు చెప్పాడు.

"ఉప్పునీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

"మీరు తిరిగే రోడ్డు మీకే తెలియాలండి."

ప్రెసిడెంటుగారు తిరిగేది ఒకటే రోడ్డు. ఇంటి నుంచి చెరువుకి, చెరువు నుంచి ఇంటికి, పూటకోసారి. చెరువు దగ్గర రోడ్డు పల్లంలోకి దిగుతుంది. అక్కడ ఏడాది పొడుగునా తడే. పల్లం కింద ఒక తూము ఉంది. పూర్వం పంట బోదె నీళ్ళు పారడానికి వేసింది. బోదెకి అడ్డంగా చెరువు గట్టు వచ్చి చాలాకాలమైంది. తూము మాత్రం పనిచేస్తూనే ఉంది. నిండితే నీళ్ళు రోడ్డెక్కుతాయి.

అదే రోడ్డున చేపల లారీలు పోతాయి. కోల్‌కతాకీ అస్సాంకీ పోయే సరుకు. ఐసు కరిగి వెనక ధార కారుతూనే ఉంటుంది. ఆ ధార మీద మోటారు సైకిళ్ళు జారి పడడం అటుపక్క కొత్త కాదు.

ప్రెసిడెంటుగారికి దొంగ దొరికాడు. "డబ్బు ఎవరిదో తేలాక పని మొదలెడుదువు గాని" అని మేస్త్రికి చెప్పి కారు వెనక్కి తెచ్చేశారు.

ఆయన చెరువు పన్నెండెకరాలు. కాగితాల మీద అది చేపల చెరువు. పంటపొలాన్ని రొయ్యల చెరువుగా మార్చకూడదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో చట్టం కూడా వచ్చింది. కాగితాలు రెంటికీ తగ్గట్టే ఉన్నాయి. 2009లో వనామి రొయ్యకి కేంద్రం అనుమతి ఇచ్చాక ఆ చెరువులో చేపని చూసినవాళ్ళు లేరు. గట్టు మీద ఉప్పు బోరు ఉంది.

రోజూ పొద్దున్నే ప్రెసిడెంటుగారు జేబులోంచి జానెడు గొట్టం తీస్తారు. దాని కొసన ఉన్న గాజు మీద చెరువు నీళ్ళు చుక్క వేసి, ఆకాశం వైపు పెట్టి, ఒక కన్ను మూసి చూస్తారు. సెలినిటీ చూసే గొట్టం. తాగే నీళ్ళయితే గీత అడుగునే ఉంటుంది. రెండు మూడు దాటితే వరి తట్టుకోలేదు. సముద్రమైతే 35. వనామికి 15 హాయి. ప్రెసిడెంటుగారు 15 నుంచి గీతని కదలనివ్వరు. చుట్టుపక్కల చెరువులవాళ్ళు తమ గొట్టాల మీద అనుమానం వస్తే ఆయన గొట్టంతో సరిచూసుకుంటారు. చెరువులో నీరు మార్చాల్సి వచ్చినప్పుడు ఆ పని రాత్రిళ్ళు మోటారు చూసుకుంటుంది.

రోడ్డుకి అవతల ఒక కౌలురైతు చేను. దాళ్వా వేశాడు. ఊడ్చిన నెల తిరక్కుండానే ఆకుల కొసలు మాడి, మీద తుప్పురంగు మచ్చలు లేచాయి. ఒక దుబ్బు పీక్కొచ్చి ప్రెసిడెంటుగారికి చూపించాడు. ఆయన ఒక్క చూపులో తేల్చేశారు.

"జింకు లోపం. లీటరుకి రెండు గ్రాముల జింకు సల్ఫేటు కలిపి కొట్టు. అయిదేసి రోజుల ఎడంలో మూడు దఫాలు."

"ఆయ్, అలాగేనండి."

"ఇంకో పనుంది. పల్లం దగ్గర లారీలు నెమ్మదిస్తాయి. వెనక కారే నీళ్ళు రెండు సీసాలు పట్టి ఉంచు. వేరు వేరు లారీలవి."

కౌలురైతు రెండు పనులూ చేశాడు.

ఒక ఆదివారం షెడ్డులోనే పంచాయితీ పెట్టారు. లారీల ఓనరు వచ్చాడు. కౌలురైతు సీసాలు పట్టుకుని వచ్చాడు. ప్రెసిడెంటుగారు కుర్చీ వేయించుకుని కారు పక్కనే కూర్చున్నారు.

"మీ లారీల ఉప్పు నా కారుని తినేసింది" అన్నారు.

"మా ఐసు మంచినీళ్ళ ఐసండి బాబూ" అన్నాడు ఓనరు.

"మాటలెందుకు? మనిషన్నవాడు అబద్ధమాడతాడు. ఇది ఆడదు." గొట్టం తీశారు. "ఉప్పుంటే బిల్లు మొత్తం నీది."

"లేకపోతే అండి?"

"లేకపోతే నాది."

లేకపోయినా ఆయనదే. ఓనరు ఆ మాట అనలేదు. సరేనన్నాడు.

మొదటి సీసాలోంచి చుక్క వేశారు. వెలుతురు వైపు పెట్టి చూశారు. పంచె కొంగుతో గాజు తుడిచి మళ్ళీ వేశారు. ఒకటి. రెండో సీసాలో నీళ్ళు వేశారు. అదీ ఒకటే.

"లారీ కింద పట్టినవేనా ఇవి? పంపు దగ్గర పట్టావా?"

"వెనకాలే పరిగెత్తి పట్టానండి. మూత తియ్యండి, చేపల వాసన కొడద్ది."

ప్రెసిడెంటుగారు వాసన చూడలేదు.

మేస్త్రి అప్పటిదాకా మాట్లాడలేదు. "ఆ సీసాలతో పనేంటండి, నీళ్ళు తాగిన కారు ఇక్కడే ఉంటే?" అంటూ గోనెపట్టా లాక్కుని మళ్ళీ కిందికి దూరాడు. బోర్డు అడుగున పూడిన కన్నంలో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాడు. ముందు బురద ముద్ద పడింది. తరవాత నీళ్ళు పడ్డాయి, తాగే మగ్గులో మూడొంతులు.

మడ్డి అడుక్కి దిగేదాకా ఆగుదామన్నారు ప్రెసిడెంటుగారు. ఆ విషయంలో ఆయనకి తెలిసినంత షెడ్డులో ఎవరికీ తెలీదు. టీలు తెప్పించారు. ఓనరు తాగాడు. కౌలురైతు గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

మగ్గులో నీళ్ళు పైన తేటపడ్డాయి. ప్రెసిడెంటుగారు చుక్క వేశారు. ఒక కన్ను మూసి చూశారు. చాలాసేపు చూశారు.

"ఎంతండి?" అన్నాడు ఓనరు.

ఆయన చెప్పలేదు. ఓనరు చెయ్యి చాపాడు. గొట్టం తీసుకుని, గుమ్మంలోకి వెళ్ళి, ఎండకేసి పెట్టాడు.

"పదిహేడండి."

"లోపల కొంత ఆవిరైపోద్ది కదండి, ఉప్పెక్కుద్ది" అన్నాడు మేస్త్రి చేతులు తుడుచుకుంటూ. "ఎక్కేటప్పుడు ఓ పదిహేను ఉంటాయి."

షెడ్డులో గ్రైండరు ఆడుతున్న కుర్రాడు దాన్ని ఆపాడు.

ఓనరు గాజు శుభ్రంగా తుడిచి, గొట్టం ప్రెసిడెంటుగారి చేతిలో పెట్టి, నమస్కారం చేసి బండెక్కాడు. బిల్లు సంగతి ఎత్తలేదు. ప్రెసిడెంటుగారు గొట్టాన్ని దాని పెట్టెలో పెట్టి, పెట్టె జేబులో పెట్టుకున్నారు. కుర్చీలోంచి లేచారు.

కౌలురైతు టీ గ్లాసు కింద పెట్టాడు.

"మీరు చెప్పిన జింకు మూడు దఫాలూ కొట్టేశానండి. పోనీ, ఆ గొట్టం ఓసారి మా చేలో పెట్టి చూద్దురూ."