సంచార శిక్షకోపాఖ్యానము

నేర్పువాడు తాను నేర్పు విద్యను ముందుగ నేర్చియుండవలెననెడి పాతకాలపు మూఢవిశ్వాసమునుండి మన ఫుట్‌బాల్ మేధావులు క్రమక్రమముగ విముక్తి పొందుచున్నందులకు సంతసింపని క్రీడాభిమాని యుండడు. వారి నవ్య సిద్ధాంతము ప్రకారము, ప్రధాన కోచ్ క్రింద పనిచేయు సహాయ కోచ్‌లలో ఏ యొక్కరును ఏ యొక్క వరుసను స్థిరముగ నంటిపెట్టుకొని యుండరాదు. ఈ వారము గోల్‌కీపర్లకు బంతిని పట్టుట నేర్పినవారు పై వారము ఫార్వర్డులకు బంతిని తన్నుట నేర్పవలెను; ఫార్వర్డుల చెంతనున్నవారు డిఫెండర్ల చెంతకును, డిఫెండర్ల చెంతనున్నవారు నడిమి వరుసకును, నడిమి వరుసవారు గోలుస్తంభముల కడకును తరలిపోవలెను; నెల తిరుగుసరికి నలుగురును నాలుగు దిక్కులు చూచి యెవరి మొదటి చోటికి వారు చేరుకొందురు. దీనికి చక్రభ్రమణ పద్ధతి యని పేరు. గ్రహములు తిరుగుచున్నవి, ఋతువులు తిరుగుచున్నవి, కోచ్‌లు మాత్రమేల నిలిచియుండవలెనని దీని తాత్పర్యము కాబోలు.

ఈ పద్ధతి పుట్టినది పచ్చికమీద గాదు, బల్లమీద. బ్యాంకులో నొక గుమాస్తా ఒకే బల్లకడ చిరకాలము కూర్చున్నచో ఖాతాలతో నతనికి అతిపరిచయ మేర్పడి, ఆ పరిచయము ఏదో యొకనాడు లెక్క తప్పించుటకు దారితీయునని పెద్దలు శంకించి, గుమాస్తాలను బల్లనుండి బల్లకు మార్చుచుందురు. ఆ శంక సహేతుకమే. ధనమున్నచోట అతిపరిచయము ప్రమాదకరము. కాని గోల్‌కీపర్ల కోచ్ ఒకేచోట నాటుకొని యుండి అపహరింపదగిన సొత్తేమి? 7.32 మీటర్ల వెడల్పును, 2.44 మీటర్ల ఎత్తును గల ఆ వలగూటిలో ఆయన ఏ నిక్షేపమును పాతిపెట్టుకొనును? ఆయన అచ్చట కూడబెట్టగల ధనమొక్కటే: తన యెదుట నిలిచిన కుఱ్ఱవాని శరీరమును గూర్చిన జ్ఞానము. గుమాస్తా విషయమున దేనికి భయపడి బల్ల మార్చిరో, ఆ అతిపరిచయమే కోచ్ విషయమున విద్య యగుచున్నది. దానిని దొంగసొత్తుగ నెంచి నెలకు నాలుగు మారులు జప్తు చేయుటయే ఈ సంస్కరణము.

గోల్‌కీపరు పనినే చూడుడు. పెనాల్టీ బిందువు గోలుగీతకు 11 మీటర్ల దూరమున నున్నది. గట్టిగ తన్నిన బంతి ఆ దూరమును ఇంచుమించు అర సెకనులో దాటివచ్చును. ఆ వ్యవధిలో ఆలోచన కవకాశము లేదు. దేహము తానై కదలవలెను. దేహము తానై కదలుటకు అది అంతకుముందు వేలసారులు ఒకే తీరున కదలియుండవలెను. ఎదురువచ్చు ఫార్వర్డునకు గోలు చిన్నదిగ కనబడునట్లు ఎన్ని యడుగులు ముందునకు వేయవలెనో, పార్శ్వమునుండి ఎగిరివచ్చు బంతిని ఏ క్షణమున అందరికంటె ఎత్తున నందుకొనవలెనో, 1992లో నిబంధన మారిన పిదప తనవారు కావలెనని కాలితో వెనుకకందించిన బంతిని చేత ముట్టరాదు గనుక పాదములతో దాని నెట్లు సాగనంపవలెనో, ఇవన్నియు ఓపికతో గాని వంటబట్టని విద్యలు. కుఱ్ఱవాడొకడు ఎడమవైపునకు దూకునపుడు బరువును మడమలపై నిలుపుచున్నాడని కనిపెట్టుట కొక వారము పట్టును. ఆ యలవాటును మాన్పించుటకు నెలలు పట్టును. చక్రభ్రమణమున రోగమును కనిపెట్టినవారు చికిత్సకు ముందే బదిలీయగుదురు. మొదటివారు పాదములు దగ్గరగ నుంచుమందురు. రెండవవారు ఎడముగ నుంచుమందురు. మూడవవారు పాదముల ప్రసక్తియే యెత్తక ధైర్యము ముఖ్యమందురు. నాల్గవవారు నడిమి వరుసనుండి వచ్చినవారు గనుక బంతిని అసలు అంతదాక రానీయకుండుటయే ఉత్తమమైన గోల్‌కీపింగని సెలవిత్తురు. కుఱ్ఱవాడు నలుగురికిని వినయముతో తలయూచి, ఎప్పటివలెనే మడమలపై నిలుచును.

డిఫెండర్ల సంగతి యింతకంటె రసవత్తరము. నలుగురును ఒక్కపెట్టున ముందునకు జరిగి ఎదిరి ఫార్వర్డును ఆఫ్‌సైడులో పట్టవలెనన్నచో, ఆ నలుగురికి ఒక్క కేకయు, ఆ కేకకు ఒక్క అర్థమును ఉండవలెను. కేక యెవరు వేయవలెను, బంతి వెనుకకు మరలినపుడు వేయవలెనా, బంతిగలవాడు తల వంచినపుడు వేయవలెనా యను సంగతులు ఒక గురువు నోట స్థిరపడదగినవి. నలుగురు గురువులు నాలుగు వారములలో నాలుగు సంకేతములు నేర్పిన పిదప, పందెమునాడు ముగ్గురు ముందునకు జరుగుదురు. నాల్గవవాడు కిందటి వారపు పాఠమును భక్తితో స్మరించుచు అచ్చటనే నిలుచును. ఎదిరి ఫార్వర్డు మనసులో వానికొక నమస్కారము చేసి గోలు కొట్టును.

ఒకే గొంతుక వినివిని పిల్లలు విసుగుదురు గదా, క్రొత్త గొంతుక ఉత్సాహము నిచ్చును గదా యని సంచారవాదులు వాదింతురు. సికిందరాబాదు స్టేషనులో మొదటి ప్లాట్‌ఫారముపైకి రావలసిన రైలు పదవ ప్లాట్‌ఫారముపైకి వచ్చుచున్నదని మైకులో చెప్పగనే మూటాముల్లె నెత్తికెత్తుకొని వంతెన మెట్లపైకి పరుగిడు ప్రయాణికులయందు గూడ ఉత్సాహమునకు కొదువ యుండదు. కాని ఆ యుత్సాహము వారిని కాజీపేటకు ఒక్క యడుగైనను దగ్గర చేసినట్లు ఎవరును చెప్పుకొనలేదు.

వారి వాదములలో బలమైన దొకటి యున్నది. దానిని దాటవేయుట న్యాయము గాదు. ఒక్క వరుసనే యెరిగిన సహాయకుడు రేపు ప్రధాన కోచ్ యెట్లగును, అన్ని వరుసలును చూచిననే గదా ఆట సమగ్రముగ బోధపడునని వారి ప్రశ్న. ఇందుకు నిదర్శనముగ వారు అమెరికా ఫుట్‌బాలును చూపుదురు. ఆ యాట మన యాట గాదు. అందు దాడికి వేరు దళము, రక్షణకు వేరు దళము, బంతిని తన్నుట మొదలగు ఘట్టములకు ప్రత్యేక దళము, ప్రతి వరుసకు వేరు కోచ్. అందు ప్రసిద్ధుడైన బిల్ బెలిచిక్ 1979లో న్యూయార్క్ జెయింట్స్ జట్టులో చేరి, మొదట ప్రత్యేక దళములకును, పిదప రక్షణ దళములోని లైన్‌బ్యాకర్లకును నేర్పి, 1985లో రక్షణ విభాగమంతటికిని అధిపతియై, తరువాతి కాలమున ప్రధాన కోచ్‌గ న్యూ ఇంగ్లండు పేట్రియట్స్‌కు 6 సూపర్ బౌల్ విజయములు సంపాదించెను. నిజమే. అయితే ఆయనకు ఆరేండ్లు పట్టిన ప్రయాణమును మనవారు నాలుగు వారములలో ముగించి, మిగిలిన కాలములో మరల మొదటినుండి తిరుగదలచుచున్నారు. సహాయకుడు నేర్చుకొనదలచినచో అడ్డుపెట్టువారెవరు? పోటీల కాలము ముగిసిన పిదప చోటు మారవచ్చును. తీరికవేళల పొరుగు వరుస ప్రక్కన నోరు మూసికొని నిలిచి చూడవచ్చును. కాని తాను నేర్చుకొనుటకు వచ్చినవాడు నేర్పువాని ఈల మెడలో వేసికొని, తన తప్పుల మూల్యమును పదునాలుగేండ్ల పిల్లల మోకాళ్ళచేత కట్టించుటకు విద్యాభ్యాసమని పేరుపెట్టుట మాత్రము చెల్లదు.

ఈ సిద్ధాంతమును మరియొక ఊర వల్లించినచో క్షమింపవచ్చును. సికిందరాబాదులో వల్లించుటకు చాల గుండె నిబ్బరము వలయును. ఈ జంటనగరములలో బడిపంతులుగ పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం 1943 మొదలు 1963 జూనులో కన్నుమూయువరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగ నుండెను. 1950 మొదలు సిటీ పోలీసు జట్టునకు కోచ్‌గ నాటుకొని కదలకుండెను. సంచారవాదుల లెక్కప్రకారము ఆ జట్టు ఒకే గొంతుక వినలేక విసుగుతో కృశించియుండవలసినది. అది 1950 నుండి 1954 వరకు వరుసగ 5 మారులు రోవర్స్ కప్పును గెలిచి ఆ విసుగును తీర్చుకొనెను. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణమును సాధించెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున నాల్గవ స్థానమున నిలిచెను.

రహీం మార్పునకు విరోధి యని యెవరును భ్రమపడరాదు. బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలను, డ్రిబ్లింగు నిషిద్ధమైన పోటీలను ఆయన పెట్టించెను. కుడికాలివాడు ఎడమకాలిని కనుగొనవలసి వచ్చెను; బంతిని వదలలేనివాడు ప్రక్కవాని ముఖము చూడవలసి వచ్చెను. అనగా ఆయన త్రిప్పినది గురువులను గాదు, శిష్యుని కాళ్ళను. తాను నిలిచియుండుటచేతనే ఎవని కాలు ఎంత తిరిగినదో ఆయనకు కనబడెను.

ఆటగాని చోటు మారుట ఈ ఊరికి క్రొత్త గాదు. సికిందరాబాదులోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులలో ఆట నేర్చిన పీటర్ తంగరాజ్ సైన్యమున చేరి మద్రాసు రెజిమెంటల్ సెంటరు జట్టున మొదట సెంటర్ ఫార్వర్డుగ ఆడి, పిమ్మట గోల్‌కీపరయ్యెను. గోలు కొట్టుటకు వచ్చువాని మనసు ఎట్లుండునో గోలులో నిలిచినవానికి తెలియుట యెంత లాభము! 1962 సెప్టెంబరు 4వ తేదీన జకార్తాలో దక్షిణ కొరియాతో జరిగిన స్వర్ణ పోరాటమున ఆ పూర్వపు ఫార్వర్డు గోలు కాచెను. అంతకుముందు జరిగిన యొక యాటలో తలకు గాయమై కుట్లు పడిన డిఫెండరు జర్నైల్ సింగును రహీం ఫార్వర్డుగ నిలుపగా అతడు గోలు కొట్టెను. మరియొకటి పీకే బెనర్జీ కొట్టెను. ఆట 2-1తో మనదయ్యెను. సికిందరాబాదు శివారున అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కూడ ఆనాడు మైదానముననే యున్నాడు. తన్నువాడు పట్టెను, ఆపువాడు కొట్టెను. ఏ డిఫెండరు ఫార్వర్డు కాగలడో యెరిగిన కన్ను మాత్రము ఏండ్లతరబడి ఒకేచోటనుండి చూచుచుండెను. నలుగురు సహాయకులు వారమునకొకరుగ జర్నైల్ సింగును చూచియున్నచో, ఒకరు అతని తలను, ఒకరు అతని కాలును మెచ్చుకొనియుందురు. అతనిని మాత్రము ఎవరును ఎరిగియుండరు.

అయినను సంస్కర్తల ఉత్సాహమును పూర్తిగ నీరుగార్చుట మర్యాద గాదు గనుక ఒక సవరణను ప్రతిపాదించుచున్నాను. చక్రభ్రమణము అంత మేలైనదే యైనచో అది క్రింది నలుగురితో నాగిపోవుట అన్యాయము. మొదటి వారము ప్రధాన కోచ్‌గారు తెల్లవారకమునుపే వచ్చి మైదానమునకు సున్నపు గీతలు గీయవలెను. గీతలు గీయువాడు జట్టును ఎంపిక చేయవలెను. రెండవ వారము కార్యదర్శిగారు గోలులో నిలిచి ఫార్వర్డుల దెబ్బలు కాచుకొనవలెను. కోశాధికారిగారు బంతులలో గాలి నింపవలెను. మూడవ వారము అధ్యక్షులవారి కుర్చీలో పండ్రెండేండ్ల కుఱ్ఱవాడొకడు కూర్చుండి, గత నాలుగు వారములలో ఏ కోచ్ ఏమి నేర్పెనో అధ్యక్షులవారిచేతనే అప్పగింపించుకొనవలెను. దీనికి వారు సమ్మతింతురని నాకు నమ్మకము లేదు. చక్రము తమ కుర్చీల దాక వచ్చుసరికి అనుభవము, నిలకడ, చిరపరిచయము అను మాటలు వారికి తటాలున జ్ఞప్తికి వచ్చును. ఆ మాటలను వారి నోటనుండి రాగానే కాగితముపై పెట్టించి, సంతకము చేయించుకొని, సహాయ కోచ్‌ల నియామకపత్రములకు జతచేయవలెను.