అంచు మీద దెబ్బ: ఒక పాయింట్ టూటూ రైఫిల్ ఆత్మకథ

నా గొట్టం లోపలి వెడల్పు అంగుళాన్ని వంద పాళ్ళు చేస్తే అందులో ఇరవై రెండు పాళ్ళు. అందుకే కోలారు జిల్లాలో నన్ను చూసినవాళ్ళంతా "టూటూ" అనే పిలిచారు. పుట్టింది ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌లోని బి.ఎస్.ఎ. కార్ఖానాలో. ఆ మూడక్షరాలు మీలో పెద్దవాళ్ళకు మోటారు సైకిలు ట్యాంకు మీద గుర్తుండి ఉంటాయి. కానీ 1861లో ఆ కంపెనీ మొదలైంది తుపాకుల కోసమే. 1920లలో ఓడ మీద మద్రాసుకు, అక్కణ్ణుంచి రైల్లో బౌరింగ్‌పేటకు వచ్చాను. ఇప్పటి బంగారుపేట అదే. అక్కడ బండి మారి, మారికుప్పం లైనులో ఉరిగాం స్టేషనులో దిగాను.

నన్ను తెప్పించుకున్నది బంగారు గనుల్లో పనిచేసే ఒక ఇంగ్లీషు దొర. జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఆ ఎర్రనేల మీద మరో ఇంగ్లండు మొలిచింది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. బంగళాలు, క్లబ్బు, గోల్ఫు మైదానం పైన. చాంపియన్ రీఫ్, మైసూరు మైను, నందిదుర్గం, ఉరిగాం గనుల్లో ఉత్తరార్కాటు తమిళులు, చిత్తూరు వైపు తెలుగువాళ్ళు కింద. దొరలతోనూ ఆంగ్లో ఇండియన్లతోనూ కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ వాలంటీర్లని ఒక రైఫిల్ దళం ఉండేది. పెద్ద రైఫిల్‌తో గురి నేర్చుకోవాలంటే తూటాల ఖర్చు మోయలేరు కాబట్టి, ఆ రోజుల్లో బ్రిటిష్ రాజ్యమంతటా నా బోరుతోనే సాధన చేయించేవాళ్ళు. దొరకు నా మీద మనసు పడింది ఆ సాధనలోనే.

ఆయన బీరువాలో నాకు ఇరువైపులా పెద్దవాళ్ళుండేవాళ్ళు. ఒకటి జంటగొట్టాల పన్నెండు బోరు. ఇంకొకటి .375 రైఫిల్. నా గుండు బరువు నలభై గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. దాని శక్తి ఆ .375 గుండు శక్తిలో పాతికో వంతుకు కూడా రాదు. అయినా వారం వారం బయటికి వెళ్ళేది నేనే. ఎందుకో చెప్పాలంటే నా తూటా కట్టుబడి చెప్పాలి.

పెద్ద తూటాకు పేలుడు గింజ అడుగున నట్టనడుమ ఉంటుంది. నా తూటాకు అలా కాదు. ఇత్తడి డొప్ప అడుగున చుట్టూ మడిచిన అంచు ఉంటుంది, ఆ మడత లోపల పేలుడు మందును పరుస్తారు. ట్రిగ్గరు నొక్కగానే నా పిన్ను ఆ అంచును గొట్టం గట్టుకేసి నలుపుతుంది, అగ్గి పుడుతుంది. అంచు నలగాలంటే ఇత్తడి పలచగా ఉండాలి. ఇత్తడి పలచగా ఉంటే లోపలి ఒత్తిడి ఒక హద్దు దాటకూడదు. అందుకే మా జాతి తూటాలన్నీ చిన్నవి, చవకవి, తక్కువ చప్పుడువి. పెద్ద తూటా డొప్పను మళ్ళీ నింపుకోవచ్చు. మాది ఒక్కసారి పేలితే అంతే.

ఈ తూటాలకు వయసు తక్కువేం కాదు. స్మిత్ అండ్ వెసన్ వాళ్ళ .22 షార్ట్ 1857 నాటిది. నేను తినే .22 లాంగ్ రైఫిల్ 1887లో అమెరికాలో స్టీవెన్స్ కంపెనీ తెచ్చింది. దొర మిత్రుడొకాయన షార్టే చాలనేవాడు, మరొకాయన 1890లో వచ్చిన వించెస్టర్ రిమ్‌ఫైర్‌ను పొగిడేవాడు. క్లబ్బు వరండాలో ఈ వాదం రాత్రి పొద్దుపోయేదాకా సాగేది. నా గొట్టాన్ని కోసింది లాంగ్ రైఫిల్ కోసం. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ఎంపికే సరైనదని నేను నమ్ముతాను. షార్ట్ గుండు ఇరవై తొమ్మిది గ్రెయిన్లే. ముప్పై గజాల లోపు బాగానే ఉంటుంది కానీ ఆపైన కుందేలును చంపకుండా కుంటిని చేస్తుంది. నా గుండు యాభై, అరవై గజాల దాకా తలలో తగిలితే జంతువుకు బాధ తెలిసేలోపే పని ముగుస్తుంది.

దొర నన్ను గురికి సరిచేసింది సైనైడు దిబ్బల దగ్గర. మిల్లులో రాయిని పిండిచేసి సైనైడు నీళ్ళతో బంగారం లాగేశాక మిగిలిన ఇసుకను గుట్టలుగా పోసేవాళ్ళు. ఆ గుట్టలు ఇప్పటికీ ఉన్నాయి. గుండును మింగి ఊరుకునే నేల అంతకంటే దొరకదు. బయటి కోలారు అలాంటిది కాదు. ఎటు చూసినా బండలు, గుండ్లు, రాతి కొండలు. సీసపు గుండు బండకు తగిలితే ఆగదు, దారి మార్చుకుని ఈలవేస్తూ పోతుంది. అలా చాలా దూరం పోయి కూడా మనిషిని గాయపరచగలదు.

ఆ సంగతి దొరకు నేర్పింది బేతమంగల వైపు తెలుగు శికారి. ఆయన దొరకు దారి చూపేవాడు. మైసూరు సంస్థానంలో 1901 నాటి వేట చట్టం కింద లైసెన్సులుండేవి. దొర అది చూసుకునే బయల్దేరేవాడు. సాయంత్రం రాగులు కోసిన మళ్ళలో కుందేలు చెవులు నిక్కించి కూర్చుంటే దొర నన్ను భుజానికెత్తేవాడు. శికారి ఆయన మోచేయి తాకి, మెల్లగా, "వద్దు దొరా. ఎనకాల బండ ఉండాది" అనేవాడు. ఇద్దరూ పది అడుగులు పక్కకు జరిగి, వెనక చెరువు కట్టో మట్టి గట్టో వచ్చేదాకా ఆగేవాళ్ళు. ఆ లోపు కుందేలు పోతే పోయేది.

చిన్న వేటకు బోరు ఎంచుకోవడంలో మొదటి పాఠం నాకు అక్కడే దొరికింది. గుండు ఎంత గట్టిగా కొడుతుందన్నది తర్వాత. అది తగలకపోతే, లేదా తగిలి అవతలికి దూసుకుపోతే, ఎక్కడ ఆగుతుందన్నది ముందు. ఎగిరే కౌజుపిట్ట మీదికి, పూరేడు మీదికి దొర నన్నెప్పుడూ ఎత్తలేదు. ఆకాశంలోకి వదిలిన రైఫిల్ గుండు ఎవరి కల్లంలో దిగుతుందో ఎవరికీ తెలియదు. ఎగిరేదానికి పన్నెండు బోరు రవ్వలే తగినవి. కూర్చున్నదానికి, వెనక మట్టి ఉన్నదానికి నేను.

నా గొట్టం ఇంతకాలం నిలిచిందంటే అది శికారి చలవ. అప్పటి తూటాల పేలుడు మందులో ఉప్పు గుణం ఉండేది. ఒక్క రాత్రి వదిలేస్తే గాడుల్లో తుప్పు పట్టేది. తుప్పు పట్టనివ్వని మందు 1920ల చివర్లో గానీ విరివిగా రాలేదు. ఆయన ఇంటికి రాగానే మరిగే నీళ్ళు గొట్టంలో పోసి, తీగకు ఫలానెల్ గుడ్డ కట్టి లాగి, నూనె పట్టించేవాడు. తర్వాతే కాళ్ళు కడుక్కునేవాడు.

1956లో గనులు మైసూరు ప్రభుత్వం చేతికి వచ్చాయి. దొరలు సామాన్లు సర్దుకున్నారు. నన్ను కొన్నది బేతమంగల దగ్గర రాగి, సెనక్కాయ పండించే తెలుగు రైతు. కోలారు కచేరీలో లైసెన్సు రాయించుకుని, పుస్తకంలో నా నంబరు ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. ఊళ్ళో అందరికీ ఆయన అన్న.

ఒక ఏడు సెనక్కాయ చేలలో అడవి పందులు పడ్డాయి. రాత్రికి రాత్రి సాళ్ళన్నీ తవ్వి పోసేవి. పొద్దున్నే నలుగురు కుర్రాళ్ళు వాకిట్లో నిలబడ్డారు.

"అన్నా, ఆ తుపాకి ఎత్తుకుని రాన్నా. ఒక్క పంది పడితే మిగతావి రావు."

"ఇది కుందేలు తుపాకిరా. పందికి తగిల్తే చావదు. పేగుల్లో గుండుతో పొదలో పడుంటాది. పొద్దున పుల్లలకు పోయే ఆడమనిషిని పొడిస్తే ఎవురు జవాబు చెప్తారు?"

నన్ను గోడ మీంచి దించలేదు. పంట నష్టం ఆయనకూ అయింది. ఆ మాట మీద ఆయనకూ కుర్రాళ్ళకూ కొన్నాళ్ళు మాటల్లేవు. అయినా నేనేం చేయగలనో, ఏం చేయలేనో ఆయనకు తెలిసినంత బాగా నన్ను చేసినవాళ్ళకైనా తెలుసో లేదో. పందికి, దుప్పికి, కృష్ణజింకకు నాలాంటిదాన్ని ఎత్తడం క్రూరత్వం. అలా గాయపడి రోజుల తరబడి కుళ్ళి చచ్చిన జంతువుల లెక్క ఏ పుస్తకంలోనూ ఉండదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో చిన్న వేటకు లైసెన్సు ఇచ్చే వీలు అందులో ఉండేది. 1991 సవరణ ఆ తలుపు పూర్తిగా మూసింది. అన్న అంతకు చాలా ముందే నన్ను పొలానికి తీసుకెళ్ళడం మానుకున్నాడు. చెరువులు ఎండుతున్నాయి, పొదలు పోయి టమాటా తోటలు వస్తున్నాయి, కుందేళ్ళు కనబడటమే తక్కువైంది. "ఉన్న నాలుగూ ఉండనీ" అన్నాడు. 2001 ఫిబ్రవరి 28న గనులూ మూతపడ్డాయి. మూడు కిలోమీటర్లకు పైగా లోతున పనిచేసిన మనుషుల పిల్లలు తెల్లారుజామున రైలెక్కి బెంగుళూరుకు కూలికి, ఉద్యోగానికి పోవడం మొదలైంది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు అన్న మేనల్లుడు టెక్సస్ నుంచి వచ్చాడు. అక్కడ లైసెన్సు తీసుకుని కుందేళ్ళ వేటకు పోతాడట. నన్ను చేతుల్లోకి తీసుకుని బోల్టు వెనక్కి లాగి, ఖాళీగా ఉందో లేదో కళ్ళతో చూసి, వేలు పెట్టి కూడా తడిమాడు. ఆ ఒక్క పనితో వాడి మీద నాకు నమ్మకం కుదిరింది.

"మామా, ఇప్పుడు పదిహేడు బోరు వచ్చింది. 2002లో హార్నడీ వాళ్ళు తెచ్చారు. గుండు పదిహేడు గ్రెయిన్లే గానీ సెకనుకు ఏడు వందల డెబ్బై మీటర్లకు పైగా పోతుంది. నూరు గజాలకు గీత గీసినట్టు తగులుతుంది."

"గాలికి?"

"గాలికి తోస్తుంది మామా. అంత తేలిక కదా."

"కూర కుందేలుకు?"

"తలకు తగిలితే సరే. ఒంట్లో తగిలితే మాంసం చిట్లిపోతుంది."

1959లో వచ్చిన .22 మాగ్నం గురించి కూడా చెప్పాడు. అది నాకంటే పొడవాటి, లావాటి డొప్ప, నా గొట్టంలో పట్టదు. నలభై గ్రెయిన్ల గుండునే సెకనుకు ఐదు వందల ఎనభై మీటర్ల దాకా విసురుతుంది, నక్కంత జంతువుకు పనికొస్తుంది. కూర కోసం కొట్టే కుందేలుకు, ఉడతకు అది ఎక్కువ.

వేట చట్టబద్ధంగా ఉన్న దేశంలో ఎవరైనా నన్నడిగితే నా మాట ఇదే. తినడానికి కొట్టే చిన్న జంతువు, యాభై అరవై గజాల లోపు, వెనక మట్టి: .22 లాంగ్ రైఫిల్ చాలు. సాధనకు తూటాలు చవక, చేయి కుదురుతుంది. చేయి కుదరకుండా ఏ బోరూ మంచిది కాదు. బయలు నేల, నూరు గజాల పైన, గాలి లేని పూట, పంట పాడుచేసే చిన్న జంతువు: పదిహేడు బోరు. దాని పలచటి గుండు తగిలినచోటే చిట్లుతుంది కాబట్టి రాళ్ళున్న నేలలో నా సీసం కంటే అదే కొంత నయం. నా సీసం గురించి ఇంకో మాట కూడా ఉంది. తునకలు మాంసంలో మిగిలితే తిన్న మనిషికీ, వదిలేసిన కళేబరాన్ని తిన్న గద్దకూ విషమే. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకు సీసపు గుండ్లే వాడకూడదు. అది మంచి చట్టం.

కోలారులో ఈ ఎంపిక ప్రశ్నే లేదు. ఇక్కడ కుందేలును కొట్టినా నేరమే. మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఇక్కడ నా బోరుకు మిగిలిన గౌరవమైన చోటు కాగితం ముందే. ఎన్.సి.సి. పిల్లలు మొదటిసారి భుజానికెత్తేది .22నే. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే యాభై మీటర్ల రైఫిల్ పోటీలో కాంస్యం గెలిచింది నా బోరుతో, నేను తినే .22 లాంగ్ రైఫిల్ తూటాతోనే. ఆ పోటీలో పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే. దాన్ని కొట్టడానికి కావలసిన ఓపిక, చెరువు కట్ట వెనక్కి వచ్చేదాకా ఆగిన శికారి ఓపికే.

అన్న పోయాక ఆయన కొడుకు నన్ను ముందు పోలీసు స్టేషనులో అప్పగించి, తర్వాత తన పేర లైసెన్సు రాయించుకుని తెచ్చుకున్నాడు. ఎన్నికలొచ్చినప్పుడు స్టేషనులో ఉంటాను, మిగతా రోజులు తాళం వేసిన ఇనుప బీరువాలో.

మీ ఇంట్లో తాతగారి ట్రంకు పెట్టెలో నాలాంటిదొకటి ఉంటే, లైసెన్సు తేదీ ఇవాళే చూడండి. 2019 సవరణ తర్వాత గడువు ఐదేళ్ళు, ఒకరి పేర రెండు ఆయుధాలకు మించకూడదు. లైసెన్సు ఉన్నవాళ్ళు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషనులో గానీ, లైసెన్సున్న ఆయుధాల దుకాణంలో గానీ అప్పగించి రసీదు తీసుకోండి. చేలో పందులు పడితే అటవీ శాఖకు రాసి నష్టపరిహారం అడగండి. టూటూను మాత్రం గోడ మీంచి దించకండి.